బ్రెడ్డు మధ్యలో ఏముంది?

మా చిన్నతనములో బ్రెడ్డు అంటే జ్వరము. చీపురుపల్లి దగ్గర పల్లెలో పెరిగాము. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలితే నాన్నగారు సైకిలు మీద వెళ్లి మైనపు కాగితములో చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు. అమ్మ దానిని వేడి పాలలో ముంచి తినిపించేది. జ్వరము లేని పిల్లలము పక్కన కూర్చుండి, మాకెప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవారము. అందుచేతనే కాబోలు, బ్రెడ్డు కడుపుకు తేలిక, హాని చేయదు అన్న నమ్మకము మాలో పాతుకుపోయింది. అది ఎంతవరకు నిజమో తెలుసుకొనుటకు నలభై ఆరేళ్లు పట్టింది.

సంఘ కాపరి జీవితము సగము బస్సులలోనే గడుస్తుంది. ఆదివారము ఉదయము విజయనగరములో ఆరాధన, మధ్యాహ్నము రాజాం వైపు ఒక పల్లె, సాయంత్రము పాలకొండ దగ్గర గృహకూటము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరము జిల్లాలోనికి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వెళ్లాయి. జిల్లాలు మారాయి గాని మా తిండి మారలేదు. పొద్దున్న కాంప్లెక్సు ఎదుట పూరీ, సాయంత్రము మిరపకాయ బజ్జీ, రాత్రి ఎనిమిది దాటితే బండి దగ్గర నూడిల్స్. మధ్యలో వెళ్లిన ప్రతి ఇంట టీ, అందులో అయ్యగారికని ఒక చెంచా పంచదార ఎక్కువ.

రెండేళ్ల క్రిందట కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని పరీక్ష చేయించుకున్నాము. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. 6.5 దాటితే మధుమేహమే. ఏమి తింటారని డాక్టరుగారు అడిగితే, మేము నోరు తెరవకముందే మా శ్రీమతి అందుకుంది: “ఇంట్లో నేను వండినది కాదండీ, ఈయన దారిలో తిన్నదే ఇదంతా.”

మాకు మాట రాలేదు. నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన కాలి వేలికి చిన్న దెబ్బ తగిలి మానలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి మోకాలి క్రిందికి తీసివేయవలసి వచ్చింది. ఆ మీదట రెండేళ్లు బ్రతికారు. సైకిలు మీద బ్రెడ్డు తెచ్చిన కాలు అది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము ఉన్నదని లెక్క కట్టింది. ఆ అంకె పత్రికలో చదివి పేజీ తిప్పేసినవారిలో మేమూ ఒకరము.

ఆ వారమే పూరీ మానివేశాము. బస్సు దిగగానే హోటలు దాటి బేకరీలోనికి వెళ్లి, గొప్ప పని చేస్తున్నట్టు వెజ్ శాండ్‌విచ్ తెమ్మన్నాము. కూరగాయలు, బ్రెడ్డు, ఇంకేమి కావాలి! మూడు ముక్కల బ్రెడ్డు రెండంతస్తుల మేడలాగ వచ్చింది. పైన వెన్న రాసి కాల్చారు. లోపల తెల్లగా మయనైజు, ఒక చీజు బిళ్ల, సన్నగా కోసిన దోసకాయ ముక్కలు నాలుగు. దాహమైతే ఒక కూల్‌డ్రింకు కూడా తాగాము. పది రోజులు ఇలాగే సాగింది.

మా అమ్మాయి నర్సింగు చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి గర్వముగా చెప్పాము. అది పాత నోటుపుస్తకము తీసి లెక్క వేసింది. బ్రెడ్డు ముక్క ఒక్కటి సుమారు 75 కేలరీలు, మూడింటికి 225. మయనైజు అంటే నూనెను గిలకొట్టి చేసిన ముద్దే, రెండు పెద్ద చెంచాలు 180. వెన్న ఒక పెద్ద చెంచా 100. చీజు బిళ్ల 65 వరకు. పావు లీటరు కూల్‌డ్రింకు మరో నూరు పైన, అదంతా పంచదారే. మొత్తము ఏడు వందలకు దగ్గరగా వచ్చింది. చిన్న ఇడ్లీ ఒకటి 60 కేలరీలు, నాలుగు తిన్నా 240.

“నాన్నా, నువ్వు పూరీని మానలేదు, దాని అన్నయ్యను తెచ్చుకున్నావు” అన్నది.

ఎంత బిడ్డ అయినా, ఆ నవ్వు మాకు కొంచెము గుచ్చుకుంది.

అది చెప్పిన సంగతులలో మాకు బాగా పనికివచ్చినది ఒకటి. బ్రెడ్డును గూర్చి అంత బెంగ పడవద్దట, దాని మధ్యలోను పైనను ఏమున్నదో చూడమన్నది. నూనె గాని నెయ్యి గాని గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థము గ్రాముకు 4 మాత్రమే. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి, అంటే రెండు ఇడ్లీలు. పెనము మీద నూనె వంచే చేతికి చెంచా లెక్క ఉండదు. పది, అంతకు మించి చోట్ల దుకాణాలున్న పెద్ద కంపెనీలు తినుబండారాల పట్టికలో కేలరీలు చూపాలని 2020 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నవి. మన కాంప్లెక్సు ఎదుటి బండికి ఆ బాధ లేదు. అక్కడ మన కన్నే పట్టిక. (బ్రౌన్ బ్రెడ్డు సంగతి కూడా చెప్పాలి. ఆ రంగు చాలాసార్లు మైదాలో కలిపిన కారమెల్ రంగే. కవరు వెనుక రాసిన దినుసులలో గోధుమపిండి మొదట ఉంటేనే అది గోధుమ బ్రెడ్డు.)

అయితే కన్ను చూసినంత మాత్రాన నోరు పెగలదు. మనవాళ్లకు మొహమాటము ఎక్కువ. పెట్టినది తిని లేవడమే మర్యాద అని పెరిగాము. పైగా పాస్టరుగారు బండి దగ్గర నిలబడి నూనె వద్దు, వెన్న వద్దు అని బేరాలాడితే నలుగురు ఏమనుకుంటారు? దానియేలును గూర్చి, శాకధాన్యాదులను గూర్చి ఎన్ని సండేస్కూలు పాఠాలు చెప్పామో లెక్క లేదు. ఆ పది దినాల పరీక్షను వివరించాము గాని, ఆ యౌవనుడు వడ్డించేవాని దగ్గరకు వెళ్లి నోరు తెరిచి అడిగాడన్న సంగతి మీద ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒక రాత్రి రాజాం నుండి వస్తూ బ్రెడ్ ఆమ్లెట్ బండి ముందు నిలబడ్డాము. బండివాడికి అరవై దాటి ఉంటాయి. జనము మూగి ఉన్నారు. నెమ్మదిగా అడిగాము: “బాబూ, రెండు గుడ్లు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప ఎక్కువ వెయ్యి. నూనె ఒక చిన్న చెంచా చాలు. బ్రెడ్డు రెండు ముక్కలు నూనె లేకుండా పెనము అంచున కాల్చు.”

అతడు మా వైపు చూసి, “నూనె లేపోతే రుసేటుంటాది బాబూ?” అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. మా చెవులు వేడెక్కాయి.

“సుగరు వచ్చిందయ్యా” అన్నాము.

అతని చెయ్యి ఆగింది. “మా ఇంటిదానికీ సుగరేనండి. నానూ రోజూ మిగిలిన బజ్జీలే అట్టికెళ్లి పెడతన్నాను” అన్నాడు. తరువాత మాట్లాడలేదు. చెంచాతో కొలిచి నూనె వేశాడు. మా అమ్మాయి లెక్కకు అది 340 కేలరీలు దాటదు. గుడ్ల వలన మాంసకృత్తులు అందుతాయి, బస్సు దిగేవరకు ఆకలి వేయదు. డబ్బులు ఇస్తూండగా, “ఇలగ సేసి మా ఆవిడికి పెట్టొచ్చా?” అని అడిగాడు. పెట్టవచ్చు గాని, మాత్రలు వాడుతుంటే తిండి వేళ తప్పించవద్దు, ఎంత తినాలో డాక్టరుగారిని అడగమని చెప్పాము. మాత్ర వేసుకొని తినకుండా ఉంటే సుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు, అది మరీ ప్రమాదము. తరువాతి వారము వెళ్లేసరికి, “అయ్యగారి ఆమ్లెట్టు ఒకటి” అని తానే కేకవేసుకున్నాడు. ఆ పేరు ఇప్పటికీ ఉన్నది.

బేకరీ పఫ్ మాత్రము పూర్తిగా వదిలివేశాము. 2022 నుండి నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతము మించరాదన్న నియమము వచ్చింది, మంచిదే. అయినను మైదా మైదాయే, కొవ్వు కొవ్వే. సాయంత్రము మురీ మిక్చరు తింటున్నాము, ఉల్లి, నిమ్మరసము దండిగా, పల్లీలు గుప్పెడు లోపు. వేసవిలో చోడి అంబలి మంచిది. దానిని గూర్చి మనవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే గాని, చోళ్లలోను పిండిపదార్థమే ఎక్కువ. మంచిదని చెంబుడు తాగితే మా మీటరు ఊరుకోలేదు. ఒక గ్లాసుతో ఆపాము.

సంఘస్థుల ఇండ్లలో పెట్టే పాయసము సంగతి ఇంకా తేలలేదు. బండివాడిని అడగగలిగాము గాని, మా కోసము పొద్దుటినుంచి పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మను వద్దనలేకపోతున్నాము. రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెడితే ఆమె ముఖము చిన్నబోతుంది. దీనికి ఉపాయము తెలిసిన చదువరులుంటే మాకు ఉత్తరము వ్రాయండి.

మొన్నటి పరీక్షలో 6.9 వచ్చింది. మాత్రలూ వాడుతున్నాము, నడుస్తున్నాము, కాబట్టి అంతా తిండి గొప్పే అనము. పోయిన నెల మా శ్రీమతితో కలిసి శ్రీకాకుళం వెళ్లి, తిరుగు ప్రయాణములో కాంప్లెక్సు దగ్గర బేకరీలో ఆగాము. రెండే ముక్కల బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు, దోసకాయ, ఉల్లి, టమాటా, కొత్తిమీర పచ్చడి వేసి, వెన్న, మయనైజు లేకుండా ఇమ్మన్నాము. కుర్రవాడు తల గోక్కొని, “తీసేసినా రేటు అదేనండి” అన్నాడు. “తీసేసినవాటికీ ఇస్తాములే బాబూ, ఇయ్యి” అన్నది మా శ్రీమతి. పొట్లము కట్టించుకొని పరుగున బస్సెక్కాము. సీటులో కూర్చున్న వెంటనే ఆమె కాగితము విప్పి, పై ముక్క ఎత్తి చూసింది. వెన్న రాయలేదు.