తుప్పు మీద రంగు

బండి చట్రానికి తుప్పు పట్టకుండా రంగు వేయించటమంటే డబ్బా విప్పి కుంచె ముంచటమే అనుకుంటారు చాలామంది. నిజానికి కుంచెకు పని పడేది చిట్టచివర. తెలుగు పండితునికి ఈ విషయంలో అధికారమేమిటని మీరడుగవచ్చు. ముప్పైయేళ్లకు పైగా బందరు ఉప్పుగాలిలో సైకిలు తొక్కి బడికి వెళ్లినవాణ్ణి. ఆ మాత్రం అధికారం చాలుననుకుంటాను.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు గిలకలదిండి రేవు నుండి చిన్న ట్రక్కులో చేపలు తోలుతాడు. కరిగిన ఐసు నీరు, చేపల ఉప్పునీరు కలిసి తొట్టి సందులలో నుండి చట్రం మీదికే కారుతుంది. ఎనిమిదేళ్లు దాటిన బండి కనుక ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు పోవలె. ఈసారి దానికి పదిహేను రోజుల ముందు మా యింటికి వచ్చాడు.

"ఛాసీకి నల్లరంగు కొట్టించేస్తే సరిపోతుందంటున్నారండి మాస్టారూ. ఒక్కపూట పని."

"రంగు కింద ఇనుము ఎంత మిగిలిందో చూశావుట్రా?"

చూడలేదు. అతని బండిలో అతనూ, వాడి బావమరిదీ, ఒక్కొక్కసారి ఇంటిల్లిపాదీ ప్రయాణం చేస్తారు. అందుకే మెకానిక్ షెడ్డుకు నేనూ వెంట వెళ్లాను.

షెడ్డు మేస్త్రి ముందు రంగు మాట ఎత్తలేదు. చిన్న సుత్తితో చట్రం పొడవునా తట్టుకుంటూ పోయాడు. గట్టి చోట ఇనుము ఖంగుమన్నది. వెనుక చక్రాల పైభాగాన, రెండు పట్టీలు అతికిన చోట, ధ్వని బొంగురుపోయింది. అక్కడ ఉలితో గీరితే పొరలు పొరలుగా రాలింది. తుప్పు ఇనుము కన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెరుగుతూ పైనున్న రంగును తానే పెకలిస్తుంది. పలచబడిన ఆ జానెడు మేరా కోసి, కొత్త రేకు వెల్డింగు చేయవలసి వచ్చింది. నల్లరంగు కింద అది హాయిగా దాగి ఉండేది.

అమరకోశంలో ఇనుప మలానికి మండూరమనీ సింహాణమనీ రెండు పేర్లున్నవి. సింహాణమంటే ముక్కు చీమిడి అన్న అర్థం కూడ ఉన్నది. పేరు పెట్టిన మహానుభావుడెవరో ఇనుమును బాగా దగ్గరగా చూచినవాడే!

ఆపైన తీగ బ్రష్షు, ఎమరీ కాగితం. తరువాత మంచినీటితో కడగటం. దీన్నే అందరూ ఎగవేస్తారు. ఉప్పు కంటికి కనిపించకుండా ఇనుము గుంటలలో ఉండిపోతే, అది రంగు పొరగుండా తేమను లోపలికి లాగుతుంది. కొన్ని నెలలకు రంగు బొబ్బలెక్కుతుంది. బురదతో పూడిన నీటి కన్నాలను కూడ మేస్త్రి కమ్మితో పొడిచి తెరిచాడు. చట్రం లోపలినుండే ఎక్కువగా చివుకుతుందట. పూర్తిగా ఆరిన తరువాత, ఆ రోజే మొదటి పూత పడాలి. తెల్లవారేదాకా ఆగితే, మా గాలికి మళ్లీ ఎర్రజీర వస్తుంది.

మొదటి పూత రెడ్ ఆక్సైడ్. ఇందులో ఒక చమత్కారమున్నది. దాని ఎరుపు కూడ ఇనుప ఆక్సైడే, అంటే తుప్పుకు జ్ఞాతి. అయితే ఇది ఇక మారదు, నూనెలో కుదురుగా కూర్చుని తేమకు అడ్డుపడుతుంది. వెనుకటి రోజుల్లో వంతెనలకూ ఓడలకూ సీసపు సిందూరం పూసేవారు. అది బాగా పనిచేసేది గాని విషం. ఇప్పుడు చాలవరకు మానుకున్నారు. తుప్పు పూర్తిగా ఊడిరాని మూలలలో మేస్త్రి ఫాస్ఫారిక్ ఆమ్లమున్న ద్రావకం పూశాడు. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీలో మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి కూడ అటువంటి ఫాస్ఫేటు పొరే కారణమని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. మేస్త్రికి ఆ సంగతి చెబితే, "మన సీసా ధర కూడ అలాగే ఉందండి" అన్నాడు.

అంచులకూ అతుకులకూ ముందు చిన్న కుంచెతో పట్టించి, ఆ తరువాతనే మొత్తం పూశారు. ద్రవం అంచుల నుండి జారి పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఛాసీ నంబరు చెక్కిన చోట రంగు దట్టంగా పడి అక్షరాలు పూడకుండా చూచుకున్నారు. బ్రేకు రబ్బరు గొట్టాలకు కాగితం చుట్టారు. ఒక రాత్రి ఆరనిచ్చి రెండవ పూత. దాని మీద నల్ల ఎనామెల్. కాలిన ఇంజను నూనె చల్లితే చాలునని పక్కన ఒకాయన సలహా. రబ్బరు బుష్‌లను మెత్తబరచి, నేలను పాడుచేసే ఆ వైద్యం నాకు నచ్చదు.

మూడు రోజుల కిరాయి పోయిందని కుర్రవాడు గొణిగాడు. న్యాయమే, వాడి నెలసరి వాయిదాలు ఎవరి కోసమూ ఆగవు. వెళ్లేముందు మేస్త్రి చేత తొట్టి కింద రేకు పళ్లెమొకటి, దానినుండి నీరు చట్రానికి తగలకుండా వెనుకకు పోయే గొట్టమొకటి అమర్పించుకున్నాడు. ఆ ఆలోచన వాడిదే.