కారు మెరుపు పట్టీలకు ఇంట్లోనే నలుపు: ఎట్ల చేసినాము, యాసిడ్ ఎందుకు వద్దన్నాను

ఈ రోజు టమోటా రేటు గురించి రాయడం లేదు. బాక్సు ఎంత పలుకుతా ఉందో మీకందరికీ తెలుసు, మళ్ళీ రాసి కడుపుమంట ఎందుకు. కారు గురించి రాస్తాను.

మొన్న మదనపల్లె మార్కెట్ యార్డు బయట బండి నిలిపితే నలుగురు చుట్టూ చేరినారు. "ఏమప్పా, ముందర గ్రిల్లు, అద్దాల కింద పట్టీలు అన్నీ నల్లగా ఉన్నాయే, కొత్త బండి తీసినావా?" అని. కొత్తది కాదు, అదే పాత బండి. మా ట్రాక్టరు షెడ్డులో నేనూ మా చిన్నోడూ రెండు రోజులు కూర్చుని చేసిన పని. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేదానికంటే ఒకసారి రాసి పెడితే మేలు కదా అని రాస్తా ఉన్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

బండి సంగతి ముందు చెప్తాను. 2023 జూలైలో మన దగ్గర టమోటా కిలో 200 దగ్గరకు పోయింది, గుర్తుంది కదా. ఆ ఏడు మా దేవుడు చల్లగా చూసినాడు, ముక్కాలు ఎకరా కాపు మీద ఉండింది. బ్యాంకు అప్పు కట్టంగా మిగిలిన దాంతో బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకున్నాము. కారంటే కారు కాదు, అది మా ఇంట్లో ఇంకో ఎద్దు. యూరియా మూట దాంట్లోనే, మందు డబ్బాలు దాంట్లోనే, ఆసుపత్రికి దాంట్లోనే. ఎరువుల ఉప్పుకూ మట్టిరోడ్డు దుమ్ముకూ తళతళలాడే క్రోమ్ అంతా చుక్కలు చుక్కలు పడింది. డిక్కీ మీద పట్టీ అయితే పొక్కులు లేచి చేతికి గీసుకుంటా ఉండింది.

నాకు మెరుపంటేనే ఇష్టం, దాచేదేముంది. చిన్నప్పుడు మదనపల్లె బస్టాండు దగ్గర అంబాసిడర్ టాక్సీలు నిలబడి ఉంటే, ఆ బంపర్లో మొగం చూసుకుని తల దువ్వుకున్నవాళ్ళం మేము. క్రోమ్ ఉంటేనే కారు అనుకునే కాలం అది. ఇప్పటి పిల్లోళ్ళకు మెరుపు అంటే ముసలోళ్ళ బండి. కంపెనీలు కూడా అదే దారి పట్టినాయి. టాటా వాళ్ళు 2019లో హారియర్‌ను మొత్తం నలుపులో 'డార్క్ ఎడిషన్' అని తెచ్చినారు, తర్వాత మిగతావాళ్ళు కూడా వరసగా తెచ్చినారు. మా చిన్నోడు కూడా "నాయనా, నల్లగా చేసేద్దాం" అని ఏడాదిగా పోరు. పలమనేరు వైపు నుంచి వాడికి సంబంధం చూసేదానికి వస్తారని కబురు వచ్చినాక పోరు ఇంకా ఎక్కువైంది. రైతు కొడుక్కి పిల్లనిచ్చేదే కష్టంగా ఉన్న రోజులు, మీకు నేను చెప్పాలనా. పొక్కులు లేచిన కారును వాకిట్లో పెట్టుకుని ఎట్ల అని వాడి బాధ. టౌనులో అడిగితే ఆరున్నర వేలు అన్నారు. బాక్సు ధర చూస్తే ఆ ఆరున్నర వేలు ఎన్ని బాక్సులో లెక్కేసుకుని వెనక్కి వచ్చినాము.

ఇక అసలు సంగతి. పొద్దున నేను ఆవుకు నీళ్ళు పెట్టి వచ్చేసరికి వీడు డ్రిప్పు కడిగే యాసిడ్ క్యాను తీసి షెడ్డులో పెట్టుకున్నాడు. అదే, పైపుల్లో ఉప్పు పేరుకుంటే మనం ఎక్కించే హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఎవరో చెప్పినారంట, యాసిడ్ పోస్తే క్రోమ్ మొత్తం కరిగిపోతుంది, ఆమీద రంగు బాగా పడుతుంది అని. కరిగేది నిజమే. కరిగింది ఎక్కడికి పోతుంది? మా షెడ్డు నీళ్ళు వాలుగా పోయి ఆవు తొట్టి పక్క నుంచి బోరు దగ్గరుండే ఇంకుడు గుంతలో పడతాయి. ఆ గుంత తవ్విందే వాననీళ్ళు బోరుకు చేరాలని.

ఈ క్రోమ్ ఎట్ల ఉంటుందో తెలిస్తే యాసిడ్ ఎందుకు వద్దో అర్థమవుతుంది. పైన మెరిసేది ఒక్కటే పొర కాదు. కింద రాగి, దాని మీద నికెల్, అన్నిటికీ పైన క్రోమియం. ఆ క్రోమియం పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. మనం పరిచే మల్చింగ్ పేపరు 25 మైక్రాన్లు, అంటే దాంట్లో 25వ వంతు కూడా కాదు. ఇప్పటి బండ్లలో గ్రిల్లు, లోగో లాంటివి ఇనుము కూడా కాదు, ప్లాస్టిక్ మీద పూత. యాసిడ్ పోస్తే ఆ పల్చటి పొర పోయి కింద నికెల్ బయటపడుతుంది. దాని మీద రంగు నిలవాలన్నా మళ్ళీ రుద్దాల్సిందే. అంటే పని తగ్గేది ఏమీ లేదు. ఆ పొగకు షెడ్డులో పార, కొడవలి అన్నీ తుప్పు పడతాయి, ఊపిరితిత్తులు మండుతాయి, క్రోమియం, నికెల్ కలిసిన నీళ్ళు నేలలో దిగుతాయి. లోహం నేలలో కుళ్ళి పోయేది కాదు.

మన చిత్తూరు దాటి కొంత దూరం పోతే రాణిపేట. అక్కడ క్రోమియం రసాయనాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి 1970లలో మొదలై 1995 ప్రాంతంలో మూతపడింది. మూతపడినా దాని చెత్త లక్షల టన్నుల్లో అక్కడే కుప్పగా ఉండిపోయింది. వాన పడినప్పుడల్లా పచ్చగా పసుపురంగు నీళ్ళు ఊరి, చుట్టుపక్కల భూగర్భ జలం పాడైపోయింది. కుప్పం నుంచి కిందికి పోయే పాలారు సంగతి కుప్పం అన్నలకు ఇంకా బాగా తెలుసు. తోళ్ళ ఫ్యాక్టరీల నీళ్ళతో ఆ యేరు పాడైన కేసులోనే సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది, పాడు చేసినవాడే నష్టపరిహారం కట్టాలని. నేను అబద్ధం చెప్పను, రాణిపేటలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం అనే ఘోరమైన రకం, క్యాన్సర్ తెచ్చేది. పూత పూసే ఫ్యాక్టరీ తొట్టెల్లో కూడా అదే వాడతారు. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు, అందం కోసం పూసే క్రోమ్‌కు ఆ రకం 2027 నుంచి వాడకూడదని 2023లోనే నిర్ణయం చేసినారు. మన కారు మీద గట్టిగా పట్టుకుని ఉండే మెరుపు ఆ రకం కాదు, ముట్టుకుంటే ఏమీ కాదు. గ్లాసెడు యాసిడ్ నీళ్ళతో మా ఊరు రాణిపేట అయిపోదు కూడా. అయినా 950 అడుగుల నుంచి తోడుకునే నీళ్ళ పక్కన, పట్టీ రంగు కోసం నేను ఆ పని చేయనివ్వను. క్యాను తీసుకుపోయి డ్రిప్పు రూములో పెట్టి తాళం వేసినాను. వాడు మొగం ముడుచుకుని సగం రోజు మాట్లాడలేదు.

మెరుపును తీయాల్సిన పని లేదు, కప్పితే చాలు. కప్పేదానికి మూడు దారులు.

ఒకటి నల్ల స్టిక్కరు. అద్దాల కింద నున్నగా, సాపుగా ఉండే పట్టీలకు ఇదే మేలు. కడిగి, స్పిరిట్‌తో తుడిచి, కొలతకంటే వేలెడు ఎక్కువ కత్తిరించుకుని, తల ఆరబెట్టే మిషన్‌తో వేడి చేస్తా సాగదీసి అతికించాల. మిగిలిన అంచును పట్టీ సందులోకి నెట్టేయాల. బండి రంగు మీద బ్లేడు పెట్టి కోయొద్దు, గీత పడితే జన్మకు పోదు.

రెండోది రబ్బరు మాదిరి ఆరే రంగు, ప్లాస్టీ డిప్ లాంటిది. రుద్దే పని లేదు, నచ్చకపోతే తోలు మాదిరి ఒలిచేయొచ్చు. బండి తొందరలోనే అమ్మేవాళ్ళకు మంచిది. పల్చగా కొడితే ఒలిచేటప్పుడు తునకలు తునకలుగా వస్తుంది, అందుకని ఐదారు కోట్లు మందంగా పడాల.

మూడోది మామూలు స్ప్రే డబ్బా. మేము గ్రిల్లుకు, డిక్కీ పట్టీకి ఇదే చేసినాము. దీంట్లో అంతా ముందు పనే. దుక్కి సరిగ్గా లేకుండా నారు నాటితే ఏమవుతుందో ఇదీ అంతే. గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగినాము. గ్రీజు, మైనం ఉంటే రంగు పట్టదు. ఆరినాక చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, పాత పేపర్లతో బానెట్టు, లైట్లు అన్నీ కప్పినాము. తర్వాత 400 నంబరు వాటర్ పేపరు, ఆమీద 600. నీళ్ళు తడుపుతా రుద్దాల, పొడిగా వద్దు, ఆ దుమ్ములో నికెల్ ఉంటుంది. కొందరికి ఒంటికి పడదు, దద్దుర్లు వస్తాయి. మూతికి గుడ్డ కాదు, మాస్కే కట్టుకోండి. తుడిచిన నీళ్ళు గుడ్డకే పట్టించి ఆ గుడ్డను పారేసినాము, కాలువలో వదలలేదు. ఎంతవరకు రుద్దాలంటే, మెరుపు చచ్చి బూడిద రంగుకు వచ్చేవరకు. పొర ఊడేదాకా కాదు. పొక్కులు లేచిన చోట మాత్రం వదులుగా ఉండేదంతా రాలగొట్టి అంచులు నున్నగా చేయాల, లేకుంటే రంగు కింద నుంచి మళ్ళీ లేస్తుంది.

ఆమీద ప్రైమర్. క్రోమ్ లోహం కాబట్టి మెటల్‌కు పట్టే ఎచ్ ప్రైమర్ అని అడగండి. పొర పోయి ప్లాస్టిక్ కనపడే చోట ప్లాస్టిక్ ప్రైమర్. ఇది వదిలేస్తే ఆరు నెలల్లో పెచ్చులు ఊడతాయి.

రంగు కొట్టేది మనకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. స్ప్రేయర్ పట్టిన చెయ్యే కదా. గాలి లేని పొద్దు చూసుకో, జానెడు పైన దూరం పెట్టుకో, పట్టీకి బయట మొదలుపెట్టి బయట ఆపు, ఒక్కచోట నిలపకు. ఆకు తడిసి కారేదాకా మందు కొట్టం కదా, ఇదీ అంతే. మొదటి కోటు మంచు పడినట్టు ఉంటే చాలు, కింద బూడిద కనపడినా భయపడొద్దు. పది నిమిషాలకు ఒకటి చొప్పున నాలుగు కోట్లు, పైన రెండు కోట్లు మెరుపు లేని క్లియర్. చివరి కోటు పూర్తిగా గట్టిపడక ముందే టేపు మెల్లగా వెనక్కి మడిచి లాగాల. ఎండలో కాగిన బండి మీద కొట్టొద్దు, తుంపర పడే రోజూ వద్దు. తేమ ఉంటే నలుపు మీద తెల్లగా మబ్బు కమ్ముతుంది. మన కొండ పక్క ఊర్లలో చలికాలం పొద్దున పది దాటినాకే మంచిది. వారం రోజులు నీళ్ళు పోసి కడగొద్దు.

మొత్తం ఖర్చు పన్నెండు వందల లోపే. ప్రైమర్, నలుపు, క్లియర్, టేపు, వాటర్ పేపరు, స్టిక్కరు అన్నీ కలిపి.

ముట్టుకోకూడనివి కూడా చెప్తాను. లైట్లు, నంబరు ప్లేటు, పార్కింగ్ సెన్సర్లు. కొత్త బండ్లలో కొన్నింటికి ముందర లోగో వెనకాల రాడార్ ఉంటుంది, దాని మీద రంగు కొట్టొద్దు. అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించొద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, పట్టీలు నల్లగా చేసిన ఊపులో అద్దాలకు పోవద్దు. బండి ఒంటి రంగు మారిస్తే ఆర్సీలో రాయించుకోవాల. ఈ పట్టీలు చేస్తే బండి రంగు మారినట్టు కాదు.

రెండో రోజు సాయంత్రం టేపులు లాగినాక చిన్నోడు మాట్లాడినాడు. "మల్చింగ్ పేపరు తిరగేసినట్టుంది నాయనా" అన్నాడు. నిజంగానే వెండి వైపు కిందికి పోయి నలుపు పైకి వచ్చినట్టు ఉంది. నాకు ఇప్పటికీ మెరుపే బాగుంటుంది అనిపిస్తుంది, కానీ వాడి బండి, వాడి వయసు.

పలమనేరు వాళ్ళు వచ్చి పోయినారు. కారు వైపు ఒక్కరు చూస్తే ఒట్టు. పిల్ల తాత మాత్రం చేను గట్టున నిలబడి, బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం నిలుస్తుందా, నీళ్ళు చప్పగా ఉంటాయా ఉప్పగా ఉంటాయా అని మూడు ప్రశ్నలు అడిగి, చెంబు తెప్పించుకుని తాగి చూసినాడు. కబురు ఇంకా రాలేదు.

బుల్లెట్టు సైలెన్సర్‌కు కూడా ఇదే రంగు కొట్టొచ్చా అని అడిగిన తమ్ముళ్ళకు: వద్దు. అది కాగుతుంది, మామూలు స్ప్రే మాడి కంపు కొట్టి రాలిపోతుంది. దానికి వేడికి ఆగే రంగు వేరే దొరుకుతుంది, అదే వాడండి. మాకు మిగిలిన అర డబ్బా నలుపుతో అట్ట మీద పేరు కోసి టమోటా బాక్సులన్నిటికీ అచ్చు కొట్టుకున్నాము. మండీలో బాక్సులు మారిపోయే గోల ఈ పంటకు తప్పింది.