ఆ బస్సు ఇంకా రాలేదవ్వా!

సాయంత్రం అయిదు దాటిందంటే చాలు, ఎమ్మిగనూరులోని ఆ ఇంట్లో అందరికీ గుండె దడ మొదలయ్యేది. అప్పటిదాకా అరుగు మీద బుద్ధిగా కూర్చున్న డెబ్బై ఆరేళ్ల అవ్వ లేచి, రెండు చీరలు మూటకట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేది.

'కృష్ణగిరికి పోవల్ల. పొద్దు మునుగుతాంది. మా నాయన ఎదురు చూస్తాంటాడు. బస్సు పోతాది' అనేది.

కృష్ణగిరి ఆమె పుట్టిల్లు. కోడుమూరు మీదుగా వెళ్లాలి. ఆ నాయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ మాట చెబితే, అప్పుడే కబురందినట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. పావుగంటలో ఏడుపూ మరచిపోయేది, ఎందుకేడ్చిందో అదీ మరచిపోయేది. మళ్లీ మూట చేతిలోకి వచ్చేది. ఇలా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు... నాలుగేళ్లు.

వయసు మీద పడిందనుకున్నారు

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికేది. 'వయసు మీద పడింది కదా' అని సరిపెట్టుకున్నారు. నీలకంఠేశ్వరస్వామి జాతరలో తప్పిపోయి, పొద్దున ఎప్పుడో ఇంటికి చేరినప్పుడు మాత్రం భయపడ్డారు. యాభై ఏళ్లుగా ఆమె నడిచిన వీధులవి!

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప చొరవతో మొదలైన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దూరదేశాలకు తీసుకెళ్లింది. అవ్వదీ నేత ఇల్లే. భర్త మగ్గం గుంతలో కూర్చుంటే, ఆమె పక్కనే రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. ఆ కూలితోనే ముగ్గురు పిల్లలు చదువుకున్నారు. పెద్దకొడుకు ఊళ్లోనే బట్టల కొట్టు పెట్టుకున్నాడు. కూతురు ఆదోనిలో టీచరు. చిన్నకొడుక్కి బెంగళూరులో ఉద్యోగం.

కర్నూలులో చూపించారు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకెళ్లారు. డాక్టర్లు మొదట థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు. వాటి లోపంవల్ల కూడా మతిమరుపు వస్తుంది, అదైతే మందులతో మెరుగుపడే అవకాశముంటుంది. ఆ రిపోర్టులు బాగానే వచ్చాయి. స్కానింగ్ చూశాక అల్జీమర్స్ అని తేల్చారు. 1906లో జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జీమర్ మొదటిసారి వివరించిన జబ్బు అది. నెమ్మదింపజేసే మందులున్నాయి తప్ప పూర్తిగా నయంచేసేవి నేటికీ లేవు.

ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మనదేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువట. చూసుకునే సౌకర్యాలు మాత్రం నగరాల్లోనే ఎక్కువ.

నలుగురూ ఏమంటారు?

ఈ నాలుగేళ్లూ అవ్వను కనిపెట్టుకుని ఉన్నది పెద్దకోడలు. స్నానం చేయించడం, బువ్వ తినిపించడం, రాత్రి ఏడెనిమిదిసార్లు లేవడం... అన్నీ ఆమే. ఒకరోజు వంటింట్లో గ్యాస్ తిప్పి వదిలేసింది అవ్వ. ఇంకోరోజు తెల్లవారుజామున మూడు గంటలకు బస్టాండులో దొరికింది. చేతిలో మూట, కాళ్లకు చెప్పులు లేవు. ఆ వారమే కోడలు కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ చూసిన డాక్టరు, 'ముందు ఈమెను చూసుకోండి' అని కసిరాడు.

ముగ్గురు పిల్లలూ కూర్చుని మాట్లాడుకున్నారు. హోమ్ అనే మాట ఎత్తింది కూతురు. పెద్దకొడుకు మండిపడ్డాడు. 'కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తే నలుగురూ ఏమంటారు?' అన్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని కోడలు ఒక్కటే మాట అంది. 'ఆ నలుగురిలో ఒకర్ని రాత్రి కాపలాకు పిలుచుకొని రాండి, చూద్దాం.'

ఇంకెవరూ మాట్లాడలేదు.

మూడు గడపలు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నర్సింగ్‌హోమ్ అంటే కాన్పులూ ఆపరేషన్లూ చేసే ప్రైవేటు ఆస్పత్రి. మతి తప్పిన పెద్దవాళ్లను ఏళ్ల తరబడి చూసుకునే చోటు కావాలంటే ఎవరికీ అర్థమే కాలేదు. చివరికి హైదరాబాద్, బెంగళూరుల్లో వెతకడం మొదలుపెట్టారు.

మొదట చూసింది బెంగళూరులోనే. పాలరాతి నేల, లిఫ్టు, రంగురంగుల పుస్తకం. ముందుగా చెప్పి పదకొండు గంటలకు వెళ్లారు. మేనేజరు దగ్గరుండి గదులన్నీ చూపించాడు. హాల్లో టీవీ ముందు పదిమంది పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పట్టపగలు అందరూ నిద్రపోతున్నారు! 'రాత్రిపూట ఎంతమంది ఉంటారు?' అని కూతురు అడిగితే 'సరిపడా ఉంటారు మేడమ్' అన్నాడు. డిపాజిట్ ఎంతో, ఎప్పటిలోగా కట్టాలో మాత్రం రెండుసార్లు చెప్పాడు. బయటికొచ్చాక చిన్నకొడుకు అన్నాడు, 'అమ్మ పేరేంటని కూడా అడగలేదక్కా!'

రెండోది హైదరాబాద్ శివార్లలో. ఖర్చు తక్కువ. గేటు తీయగానే మూత్రం వాసన. ఒక పెద్దాయనను చీరముక్కతో కుర్చీకి కట్టేశారు. 'లేస్తే పడిపోతాడు' అంది ఆయా. ఆమె మంచిదే. మాట్లాడుతూనే ఆయన మూతి తుడిచింది. కానీ పన్నెండుమందికి ఆమె ఒక్కతే. పైగా ఆమెకు హిందీ తప్ప రాదు. 'నీళ్లు' అని అమ్మ అడిగితే ఈమెకు ఎలా తెలుస్తుంది అనుకుంది కూతురు.

మూడోదానికి చెప్పకుండా వెళ్లారు, అదీ సాయంత్రం. మళ్లీ బెంగళూరే. పాత మిద్దె, గోడలకు పెచ్చులూడుతున్నాయి. 'ఇప్పుడు వీళ్లు పలహారం తినే వేళ. అరగంట ఆగండి' అని బయటే కూర్చోబెట్టారు. పెద్దకొడుక్కి కోపమొచ్చింది. అసలే అయిష్టంగా వచ్చాడు. 'మీరే చూసుకోండి' అని వరండాలో ఓ మూల కూర్చున్నాడు.

అక్కడినుంచే అతనికి ఒక దృశ్యం కనిపించింది. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన గేటు పట్టుకుని ఊపుతున్నాడు. ఆఫీసుకు టైమైందట. ఆయా పరుగెత్తలేదు, అరవలేదు, చెయ్యి పట్టి లాగలేదు. పక్కన నిలబడి, 'ఈరోజు ఆదివారం కదా సార్' అంది. ఆయన కాసేపు ఆలోచించి, 'అవును కదూ' అని వెనక్కి తిరిగాడు. ఆరోజు బుధవారం.

ప్రశ్నలు అడిగింది వాళ్లే

లోపల సిస్టర్ ముందు డబ్బు మాట ఎత్తలేదు. గంటకుపైగా ప్రశ్నలే. ఆమెను ఇంట్లో ఏమని పిలుస్తారు? ఏ పక్కకు తిరిగి పడుకుంటారు? స్నానం పొద్దుననా, సాయంత్రమా? దేనికి భయపడతారు? ఏం తింటారు? జొన్నరొట్టె అని చెబితే 'పళ్లున్నాయా, పాలలో నానబెట్టాలా?' అని అడిగింది. చివరికి, 'ఆమె ఏం పని చేసేవారు?' అంది.

కూతురు కండెల సంగతి చెప్పింది. ఇప్పటికీ ఖాళీగా ఉంటే కుడిచెయ్యి గాల్లో తిరుగుతూనే ఉంటుందని చెప్పింది. ఇన్నాళ్లూ అదీ జబ్బులో భాగమే అనుకున్నారు.

'అది జబ్బు కాదమ్మా, ఆమె పని. ఇంట్లో రాట్నం ఉంటే తీసుకురండి' అంది సిస్టర్.

ఇంకో సంగతీ దాచకుండా చెప్పింది. 'పోయిన నెల ఇక్కడ ఇద్దరు పడ్డారు. ఒకరికి తుంటి విరిగింది. ఎంత చూసినా పడతారు. పడిన గంటలోపల మీకు ఫోన్ వస్తుంది, అంతవరకు నాదీ పూచీ.' తప్పులే జరగవని చెప్పిన మొదటి మేనేజరుకన్నా ఈ మాటే ఆ ముగ్గురికీ ధైర్యమిచ్చింది.

మంచి చోటును ఎలా పోల్చుకోవాలి అనే ప్రశ్నకు వాళ్లకు దొరికిన జవాబు ఇదే. మనం అడిగేవాటికి ఎవరైనా తీయని జవాబులే చెబుతారు. వాళ్లు మనల్ని ఏం అడుగుతున్నారన్నది చూడాలి. డిమెన్షియా వచ్చిన మనిషిలో జబ్బును కాదు, ముందు మనిషిని చూడమని బ్రిటన్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం పేరు తెలియకపోయినా ఆ పని చేసేవాళ్లు ఉంటారు.

చేర్చేముందు చూడాల్సినవి

* ఒకసారి చెప్పి వెళ్లండి, ఇంకోసారి చెప్పకుండా వెళ్లండి. ఈ జబ్బున్న చాలామందికి పొద్దుగూకే వేళ అలజడి ఎక్కువ. ఆ సమయంలో సిబ్బంది ఎలా ఉన్నారో చూడండి.

* పగలు ఎంతమంది, రాత్రి ఎంతమంది చూసుకుంటారో విడివిడిగా అడగండి. ఆయాలు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో కనుక్కోండి. నెలకో మనిషి మారేచోట పెద్దవాళ్లకు ఏ ముఖమూ అలవాటు కాదు.

* అందరూ మత్తుగా ఉంటే మందుల చీటీ చూపమనండి. గొడవ చేయకుండా ఉండటానికి వాడే కొన్ని మానసిక వ్యాధుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ప్రాణాపాయాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవసరమైతే వాడతారు, కానీ ఎందుకో, ఎన్నాళ్లో డాక్టరు చెప్పగలగాలి.

* కట్టేయడం కనిపిస్తే ఊరుకోవద్దు. తీవ్రమైన జ్ఞాపకశక్తి లోపం కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించింది. సిబ్బంది చాలడంలేదనే కారణంతో మనిషిని కట్టిపడేయకూడదు.

* మంచంపట్టిన వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నారా, వీపున పుండ్లు పడ్డాయా, మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీలున్నాయా, నేల జారుతోందా... ఇవన్నీ మన కళ్లతో చూడాల్సినవే.

* డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు, ఫిజియోథెరపీ నెల ఫీజులో కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మీరు ఏ వేళ వచ్చినా చూడనిస్తారా అని అడగండి.

* అన్నిటికంటే ముందు భాష. చివరిదాకా మిగిలేది తల్లి దగ్గర నేర్చుకున్న మాటే.

చేర్చాక కూడా...

మూడో చోటనే చేర్చారు. అక్కడి ఆయాది బళ్లారి వైపు. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడుతుంది. ఎమ్మిగనూరు అవ్వకు అది పరాయి భాష అనిపించలేదు. రెండింట్లోనూ అవ్వను 'అవ్వా' అనే పిలుస్తారు మరి!

అంతా సవ్యంగా జరిగిపోలేదు. మొదటి పదిహేను రోజులు అవ్వ సరిగా తినలేదు, బరువు తగ్గింది. పాలలో నానబెట్టిన జొన్నరొట్టె అలవాటు చేశాక కుదుటపడింది. మూడో నెలలో స్నానాలగదిలో పడి మోచెయ్యి కమిలింది. అన్నట్టే గంటలోపల ఫోన్ వచ్చింది. చిన్నకొడుకు వారంలో రెండుసార్లు, వేళాపాళా లేకుండా వెళ్లి చూసి వస్తాడు. హోమ్‌లో చేర్చడంతో బాధ్యత తీరదని, కనిపెట్టుకుని ఉండే కుటుంబాన్ని చూస్తే సిబ్బందీ జాగ్రత్తగా ఉంటారని అతనికి అర్థమైంది.

ఎమ్మిగనూరులో నలుగురూ అనాల్సినవి అన్నారు. కోడలు విన్నది, ఊరుకుంది. ఆమె బీపీ ఇప్పుడు అదుపులో ఉంది. నెలకోసారి ఆదోనిలో రైలెక్కి అత్తను చూసి వస్తుంది. అవ్వ ఆమెను గుర్తుపట్టదు. అయినా ఆమె జడ వేస్తుంటే మాత్రం కదలకుండా కూర్చుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మథనపడింది పెద్దకొడుకు. ఆరునెలలు అటువైపు వెళ్లలేదు. కిందటి సంక్రాంతికి రాట్నానికి కొత్త తాడు కట్టించి, రెండు చిలపల నూలు పట్టుకుని వెళ్లాడు. అవ్వ అతణ్ని చూసి 'ఎవరప్పా నువ్వు?' అంది. నూలు చూడగానే చెయ్యి మాత్రం దానంతట అదే రాట్నం మీదికి పోయింది.

సాయంత్రం అయిదైంది. అవ్వ లేచి మూట వెతుక్కుంది. 'కృష్ణగిరికి పోవల్లప్పా. బస్సు పోతాది' అంది.

మునుపైతే, 'మీ నాయన ఎప్పుడో పోయాడమ్మా' అని విసుక్కునేవాడు. ఆయా అనే మాట అతనికి గుర్తొచ్చింది.

'ఆ బస్సు ఇంకా రాలేదవ్వా. వస్తే నేనే చెప్తా. అంతలోపల కాఫీ తాగుదాం రా' అన్నాడు.

అవ్వ అతని ముఖంలోకి చూసింది. మూట ఒళ్లో పెట్టుకుని, బల్ల మీద కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.