వాటా పెద్దది, వంతు చిన్నది

వ్యవసాయదారుల ఇంట పుట్టినవాడికి "వాటా" అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. పొలంలో వాటా, బావిలో వాటా, కాలువ నీళ్లలో వాటా. ఊళ్లో సగం స్నేహాలూ, సగం తగాదాలూ దీని చుట్టూనే తిరుగుతాయి. బి.యస్సీ.లో చేరి కంప్యూటరు ల్యాబులో కూర్చున్నాక కూడా అదే మాట ఎదురవుతుందని మాత్రం నేననుకోలేదు.

ల్యాబులో మన ముందున్నవి నిజానికి తెర, కీబోర్డు మాత్రమే. పని జరిగేది వేరే గదిలో ఉన్న రెండు పెద్ద సర్వర్లలో. ఆ రెండింటినీ ఒక జట్టుగా కలిపారు. దాన్నే క్లస్టర్ అంటారు. వాటి మీద 24 వర్చువల్ మెషీన్లు, అనగా సాఫ్ట్‌వేరుతో కల్పించిన కంప్యూటర్లు, నడుస్తాయి. 20 మన ప్రాక్టికల్సుకు, 4 ఆఫీసుకు. ప్రతిదీ తనకో సొంత సి.పి.యు. ఉందనే అనుకుంటుంది. కానీ అందరికీ దున్నిపెట్టే ఎద్దులు ఆ రెండు సర్వర్లే!

ఆ సి.పి.యు. కాలాన్ని పంచడానికే షేర్లు. వీఎంవేర్ వారి వీస్ఫియర్‌లో ఒక్కో వర్చువల్ సి.పి.యు.కు 'లో' అంటే 500, 'నార్మల్' అంటే 1000, 'హై' అంటే 2000 షేర్లు. ఈ అంకెలకు సొంత విలువ లేదు. పక్కవాడి అంకెతో పోలిస్తేనే విలువ. పైగా ఎద్దడి లేనప్పుడు వీటికి పనే లేదు. కాలువ నిండుగా పారే రోజుల్లో వంతుల సంగతి ఎవరడుగుతారు? సి.పి.యు. ఖాళీగా ఉంటే 500 షేర్లవాడూ కావలసినంత వాడుకోవచ్చు. తప్పకుండా ఇంత దక్కాలంటే 'రిజర్వేషన్', ఇంతకు మించరాదంటే 'లిమిట్' వేరే ఉన్నాయి.

కిందటేడు ఫలితాల రోజుల్లో మన మెషీన్లు నత్తనడక నడిచాయి. ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు ఇంటికి పోయి రికార్డు పూర్తి చేసుకున్నారు. హాస్టలువాళ్లకు ల్యాబే దిక్కు. "సర్వర్లు ముసలివైపోయాయి" అన్నారు మిత్రులు. ల్యాబు ఇన్‌ఛార్జి గారు మాత్రం "ముసలివి కావోయ్, మీ మెషీన్లు వరుసలో నిలబడ్డాయి" అని 'సి.పి.యు. రెడీ' అనే గ్రాఫు చూపించారు. పేరు చూసి మోసపోకూడదు. మెషీను పనికి సిద్ధమై కూడా సి.పి.యు. దొరక్క ఎదురుచూసిన కాలమది. ఒక్క సి.పి.యు. మెషీను 20 సెకన్లలో 2 సెకన్లు అలా నిలబడితే పది శాతం. మనవి అంతకు మించే ఉన్నాయి. ఆఫీసువి హాయిగా ఉన్నాయి.

విచిత్రమేమంటే, తెర మీద ల్యాబు మెషీన్ల పూల్‌కు 'హై', ఆఫీసు పూల్‌కు 'నార్మల్' అని ఉంది! అనగా 8000, 4000. మరి ఎద్దడి మనకెందుకు? "భాగించి చూడు" అన్నారాయన. 8000ని 20తో భాగిస్తే 400. 4000ను 4తో భాగిస్తే 1000. అన్నీ ఒకేసారి పనిలో ఉన్నప్పుడు, పూల్ మొత్తానికి వాటా మనది రెండింతలు. ఒక్కో మెషీనుకు దక్కేది మాత్రం వాళ్లకే రెండున్నర రెట్లు.

ఆ రాత్రి ఫోనులో చెబితే నాన్న నవ్వాడు. "మన తూమూ పెద్దదే కదరా అబ్బాయ్. దాని కింద ఎకరాలెన్నో ఎవడు లెక్కపెట్టాడు?" మా రెండెకరాలు పిల్లకాలువ చిట్టచివర ఉన్నాయి. నారు ఎండిన ఏడాది కూడా కాగితం మీద మా ఊరి వాటా తగ్గలేదు.

ఇన్‌ఛార్జి గారు పైవాళ్లతో మాట్లాడి, షేర్లను మెషీన్ల లెక్కన 20000, 4000గా మార్పించారు. 2020లో వచ్చిన వీస్ఫియర్ 7 నుంచి 'స్కేలబుల్ షేర్స్' అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేస్తే పూల్‌లో మెషీన్లు పెరిగినకొద్దీ పూల్ వాటా తనంతట తానే పెరుగుతుందట. అయితే షేర్లు మార్చినంత మాత్రాన కొత్త సి.పి.యు. పుట్టదు. మన మెషీన్లు కదిలాయి, ఆఫీసువి కొంత నెమ్మదించాయి. ఉన్న నీళ్లే మళ్లీ పంచుకున్నామన్నమాట.

మిత్రులారా! రేపు మనలో కొందరు సర్వర్లు నడుపుతాం, కొందరు ఆఫీసుల్లో కూర్చుని నిధులూ, సీట్లూ, నీళ్లూ పంచుతాం. "మీకే ఎక్కువిచ్చాం" అని చెప్పే ముందు, ఆ ఎక్కువ ఎంతమందికో లెక్క చూద్దాం. పుచ్చుకునే చోట ఉన్నప్పుడు ఆ లెక్క అడగడానికి మొహమాటపడవద్దు.