రెండు వేల పదహారు

ఈసారి నోటిఫికేషన్ల ముచ్చట కాదు. మన ఇండ్లల్ల ముసలోళ్ల నెల ఖర్చు గురించి రాస్తున్నం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబర్ దాకా పాలమూరు జిల్లాలోనే ఉండె. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. మన తాతలు, అవ్వలు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని పోయి ఎక్కడెక్కడో డ్యాములు, కాల్వలు కట్టిన్రు. ముప్పై ఏండ్లు చేసినా పీఎఫ్ నంబరు లేదు, ఒక్క కాయితం లేదు. పీఎఫ్ పింఛను ఉన్నోళ్లకు 2014 నుంచి కనీసం నెలకు వెయ్యి వస్తది. అది చాలదని వాళ్లు కొట్లాడుతున్నరు, న్యాయమే. మనోళ్లకు ఆ వెయ్యి అడిగే దారి కూడ లేకపాయె. మోకాళ్లు పనిచేయని రోజే వాళ్లకు రిటైర్మెంట్.

అందుకే ఆసరా పింఛనే ఆధారం. తెలంగాణ రాకముందు 200 ఉండె, 2014 నవంబర్‌ల వెయ్యి అయింది, 2019ల 2016 రూపాయలు చేసిన్రు. (మన జిల్లాలు పుట్టిన సంవత్సరమూ అదే, అట్ల గుర్తుంటది.) నాలుగు వేలు చేస్తమని 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ మాట ఇచ్చింది. మా ఇండ్లల్ల ఇంకా 2016 లెక్కే నడుస్తుంది.

రోజుకు 67 రూపాయలు. వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కరికే కాబట్టి తాత, అవ్వ ఇద్దరుంటే మనిషికి 33. రేషన్ బియ్యం మనిషికి ఆరు కిలోలు వస్తయి, కడుపు ఎట్లనో నిండుతది. నూనె, పప్పు, బీపీ గోళీలు, దవాఖానకు ఆటో కిరాయి, వీటి కాడనే ఇబ్బంది. కిరాణం కొట్ల ఉద్దెర రాయిస్తరు, పింఛను రాంగనే కడ్తరు, తెల్లారి మళ్ల ఉద్దెర. గద్వాల దిక్కు ముసలి అవ్వలు పత్తి ఏర పోయేది ఊరికె కాదు. అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటలల్ల తేనె, బంక తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముకుంటరు. తేనె కోసం గుట్టలెక్కే వయసు దాటినంక ఆ పైసలూ ఆగుతయి. పింఛను తీసుకునే కాడ వేలిముద్ర పడదనేటోళ్లు. ఏండ్ల తరబడి రాయి, మట్టి మోసిన వేళ్లకు గీతలు ఎక్కడ మిగులుతయి?

ఇంకో మాట, మనం బయటికి అనుకోనిది. స్కాలర్‌షిప్ ఆలస్యమైనప్పుడు హాస్టల్‌ల ఉన్న మనకు వచ్చే మూడొందలు, ఐదొందలు ఎవరివి? అమ్మ, నాయన వలస పోయి ఉంటరు. ఆ పైసలు అవ్వ కొంగు ముడిలోవి. మనల చానామంది పరీక్ష ఫీజు అట్లనే కట్టినం. అంటే ఆ 67 రూపాయలల్ల మన చదువు కూడ ఉంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముసలోళ్ల ఆధార్ ఒక్కసారి తీసి చూడండి. వృద్ధాప్య పింఛను వయసు 57కు తగ్గించిన్రు గని, కార్డుల ఏండ్లు తక్కువ పడితే పేరు ఎక్కదు. తాత చనిపోతే పింఛను దానంతట అదే అవ్వకు మారదు. మరణ ధ్రువపత్రం పట్టుకొని పంచాయతీ కార్యదర్శి కాడనో, ఎంపీడీఓ ఆఫీసులనో దరఖాస్తు పెట్టాలె. దుఃఖంల ఉన్న అవ్వకు అది ఎవరు చెప్తరు? మీ తండాల, పెంటల ఇట్ల ఆగిపోయిన పింఛన్లు ఉంటే చెప్పండి. దరఖాస్తులు కూర్చొని రాద్దాం, ఆఫీసుకు కలిసే పోదాం.