బందిల్ల

23 జూన్ 2025, సోమవారం

మొదటి రోజు గడిచింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లల నోట్లో మాత్రం కన్నడం. ఏమడిగినా ఇల్ల. పలక తెచ్చావా? ఇల్ల. నిన్న బడికొచ్చావా? ఇల్ల. మా ధర్మవరంలో ఇల్లంటే ఇల్లే. ఇక్కడ అదే మాటకు ఏమీ లేదని. మడకశిరకు తిరిగొచ్చే బస్సులో ఎందుకో ఏడుపొచ్చింది.

27 జూన్

ఇంటి యజమానురాలు రాగిముద్ద పెట్టింది. రెండోది వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "బేడ" అన్నాను. నేర్చుకున్న మాట వాడానని సంతోషం నాకు. ఆమె ముఖం చిన్నబోయింది. "యాక్ బేడ? ముద్దె చెనాగిల్వా?"

సాకు అనాల్సింది. మన ఇంట్లో అయితే చాలు అనే కదా అంటాను, వద్దు అంటానా? కొత్త భాషలోకి పోతే మర్యాద ఎక్కడ వదిలేస్తాం?

13 జూలై, ఆదివారం

హేమావతి చూసొచ్చాను. నొళంబుల రాజధాని అట, హెంజేరు అనేవాళ్ళు. సిద్ధేశ్వరుడి గుళ్ళో లింగం కోసం వెతుకుతుంటే వెనకనుంచి ఎవరో పెద్దాయన అన్నాడు: "లింగ అల్ల తాయీ, మూర్తి." నిజమే. శివుడు మనిషి రూపంలో కూర్చుని ఉన్నాడు. అక్కడ ఇల్ల అనలేదు, అల్ల అన్నాడు. లేదు కాదు, కాదు. ఈ తేడా మనకూ వాళ్ళకూ ఒక్కటే. ప్రాణం లేచొచ్చింది.

ఆయన కన్నడ మాస్టారుగా చేసి రిటైరయ్యాడట. మండపంలో చాలాసేపు మాట్లాడాడు. వెనకటి కన్నడంలో అరియెను అంటే ఎరుగను, అరియను అంటే ఎరుగడు. కాదనే మాటలోనే మనిషి ఉండేవాడు. ఇప్పుడు వాడుకలో ఎవరికైనా గొత్తిల్ల. మనకు ఎరుగను, ఎరుగవు, ఎరుగడు ఇంకా ఉన్నాయి. ఉన్నాయి గానీ ఎవరంటున్నారు? నేనూ తెలియదు అనే అంటాను. మా అవ్వ మాత్రం "నేనెరగనమ్మా" అనేది. ఆ గొంతు వినిపించింది, రాతి మండపంలో.

18 జూలై

ఐదో తరగతి పిల్ల తల్లి వచ్చింది. వచ్చే ఏడు పాపను హాస్టల్లో వేసి చదివించమన్నాను. "నోడోణ మిస్." నవ్వుతూనే అంది. నా ఎమ్మే సంగతి అడిగినప్పుడు నాన్న కూడా ఇలాగే అన్నాడు, చూద్దాం పాపా అని. పదిహేనేళ్ళయింది.

22 జూలై

బళ్ళో కన్నడం మాట్లాడితే గోడకుర్చీ వేయించమన్నారు పెద్ద సారు. "లేకుంటే తెలుగు ఎట్లొస్తుంది మేడం?" నేనేమీ అనలేదు. తలూపాను. అవునన్నట్టా, విన్నానన్నట్టా? సారు అవుననే అనుకుని ఉంటారు.

5 ఆగస్టు

హాజరు వేస్తున్నా. ఒక పేరు పిలిస్తే ముందు బెంచీ నుంచి "బందిల్ల" అన్నారు. నిన్నటి సంగతి అడిగితే "బర్లిల్ల". రెండూ రాలేదే. కానీ రెండూ ఒకటి కాదు. నిన్న రాలేదు, అది అయిపోయింది: బర్లిల్ల. ఈరోజు ఇంతవరకు రాలేదు, రావచ్చు: బందిల్ల. ఇక రాడంటే బరల్ల. పావుగంటకు ఆ పిల్లాడు వచ్చాడు కూడా, తడిసిన చొక్కాతో.

రాత్రి అమ్మ ఫోను. "డెప్యుటేషన్ ఆర్డరు వచ్చిందా పాపా?" రాలేదమ్మా అన్నాను. ఏ రాలేదు అది? "ఒకే జిల్లాలో ఉండి కూడా ఇంత దూరమా, మన అనంతపురం వాళ్ళకు జాలి లేదు" అంది. 2022 ఏప్రిల్లోనే శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాం. అది కాదమ్మా అని చెప్పబుద్ధి కాలేదు.

28 ఆగస్టు, గురువారం

మొన్న గౌరి హబ్బ, నిన్న చవితి. మూడో తరగతి బుడ్డోడు పాత చొక్కాతోనే వచ్చాడు. వాళ్ళ నాన్న బెంగళూరులో, పీణ్యలో పని. హబ్బానికి కొత్త బట్టలు తెస్తాడని నెలంతా చెప్పాడు. దగ్గరకు పిలిచి, నాకొచ్చిన కన్నడంలోనే అడిగాను. "నిమ్మప్ప బర్లిల్వా?"

నా కళ్ళలోకి సూటిగా చూశాడు.

"బర్లిల్ల అల్ల మిస్. బందిల్ల."

పండగ అయిపోయింది కాబట్టి నేనన్నదే సరి. వ్యాకరణానికి సరి. వాడు ఒప్పుకోలేదు. ఒక అక్షరం అటూ ఇటూ అంతే. ఎనిమిదేళ్ళవాడు అంత గట్టిగా కాదంటాడని అనుకోలేదు. నిద్ర రావడం లేదు.

9 సెప్టెంబరు

గోడకుర్చీ మాట మళ్ళీ వచ్చింది. "కాదు సార్" అన్నాను. గొంతు వణికింది. "వాళ్ళకు రెండు రకాల రాలేదు తెలుసు సార్, నాకు ఒకటే తెలుసు. ఆ నోరు మూయించి తెలుగు ఎట్ల నేర్పేది? నేను ఒప్పుకోను."

ఆయన చాక్‌పీసుల పెట్టె మూతపెట్టి లేచారు.

"చూద్దాం మేడం."

నా తరగతిలో అయితే ఎవరినీ నిలబెట్టను. అది నా చేతిలో ఉంది.

14 సెప్టెంబరు

అమ్మకు ఫోను చేసి, ఆర్డరు కోసం ఎవరినీ అడగొద్దని చెప్పాను. ఎందుకంది. తెలియదన్నాను. నేనెరగనమ్మా.

19 సెప్టెంబరు, శుక్రవారం

'మా ఇల్లు' గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. బుడ్డోడి పుస్తకం చివర్లో తీశాను. కావాలనే.

"మా ఇల్లు చిన్నది. అమ్మ ఉంది. అవ ఉంది. ఒక మేక ఉంది. నాన్న ఇంకా రాలేదు."

ఆ 'ఇంకా' నేను నేర్పలేదు. బందిల్లను తెలుగులోకి ఎట్లా తేవాలో వాడే వెతుక్కున్నాడు. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.

అవ్వకు వత్తు పెట్టాను. చివరి వాక్యం ముట్టుకోలేదు.