ఆ 'ఇన్' ఈ 'ఇన్' కాదు

తేడా ఏమిటని అడిగితే ఏమీ లేదని తేల్చేసే మాటల జంట ఒకటి ఇంగ్లీషులో ఉంది: ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్. రెండూ భగ్గున అంటుకునే సరుకే. పెట్రోలు ట్యాంకరు వెనక ఆగినప్పుడల్లా దాని వీపు మీద ఆ రెండో మాట కనబడుతుంది, నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణం మీదికి వచ్చే చోట కూడా ఇంత మెలిక పెట్టాలా?

'ఇన్' కనబడితే 'కాదు' అనుకోమనే కదా మనకు బడిలో నేర్పింది! డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్, విజిబుల్, ఇన్‌విజిబుల్. మా ఇంగ్లీషు మాస్టారు అసలు మాటను తెల్ల సుద్దతో రాసి, ముందు 'ఇన్' మాత్రం ఎర్ర సుద్దతో తగిలించేవారు. ఎర్ర సుద్ద బడివాళ్లు ఇచ్చేది కాదు, ఆయన సొంతానికి కొనుక్కున్నది. పీరియడ్ అవగానే జాగ్రత్తగా జేబులో వేసుకునేవారు. తెల్లచొక్కా జేబు అడుగున ఎప్పుడూ ఎర్రటి మరక. ఆ మరక వదలక ఇంట్లో ఎన్ని చీవాట్లు తినేవారో! అంత నిష్ఠగా నేర్పిన సూత్రాన్ని ఒక్క ట్యాంకరు తుడిచేసింది.

లాటిన్‌లో ఇన్‌ఫ్లమారే అంటే నిప్పంటించడం. అక్కడి 'ఇన్' లేదనడానికి వచ్చింది కాదు, లోపలికి అనడానికి వచ్చింది. మనం నవ్వనక్కర్లేదు లెండి. 'అనుత్తమం' అంటే ఉత్తమం కానిదనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. దానికి మించిన ఉత్తమం లేదని దాని అర్థం.

1920ల్లో అమెరికాలోని జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం ఈ 'ఇన్' పీడ వదిలించుకోమని చెప్పింది. ఆ రోజుల్లోనే బెంజమిన్ లీ వోర్ఫ్ అనే ఆయన హార్ట్‌ఫర్డ్‌లో ఒక అగ్నిబీమా కంపెనీలో పనిచేసేవాడు. చదివింది కెమికల్ ఇంజనీరింగు, పిచ్చి మాత్రం భాషల మీద. నాకు భలే ఇష్టమైన మనిషి. ప్రమాదాల కాగితాలు తిరగేసి తిరగేసి ఆయన ఒక సంగతి పట్టుకున్నాడు. నిండు పెట్రోలు డ్రమ్ముల దగ్గర జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుతారు. 'ఖాళీ' డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి సిగరెట్టు తీస్తారు. నిజానికి ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే ఎక్కువ ప్రమాదం. ఇన్‌ఫ్లేమబుల్‌నైనా డిక్షనరీ తీసి సరిచేసుకోవచ్చు, ఖాళీ అన్న మాట మీద ఎవరికి అనుమానం వస్తుంది?

ట్యాంకర్ల యజమానులకు ఒక మనవి: ఆ పాత మాట చెరిపించి, తెలుగులో 'నిప్పుతో దగ్గరికి రావద్దు' అని రాయించండి. మీకూ ఒక మాట. బండి ఖాళీదేనని డ్రైవరు ఒట్టేసి చెప్పినా, దాని పక్కన నిలబడి బీడీ వెలిగించకండి.